తెర మీద చుక్క

"స్పీకరు కిందికి వినపడుతోందా?" అరిచింది లోర్నా.

"నీ గొంతుకి స్పీకరెందుకమ్మా, సిడ్నీ దాకా వినపడుతుంది," అన్నాడు గని లిఫ్టు నడిపే ముసలి డూగల్. నవ్వించబోయాడు.

మూతపడ్డ బంగారు గని అది. అడుగున, ఆకాశం నుంచి నేలలోకి దిగే కిరణాల్ని పట్టే పెద్ద యంత్రం. అది పట్టినదాన్ని పట్టినట్టే జల్లెడ పట్టే కంప్యూటర్ల గుంపు పైన. మధ్యాహ్నం కింద కప్పు కూలింది. దీపాలు పోయాయి, ఫోను మూగబోయింది, గాలి మరలు ఆగిపోయాయి. కింద ఉన్నది ఒక్కడే, లోర్నా తమ్ముడు నెవిల్. పట్నం నుంచి సాయం వచ్చేలోగా వాడికి ఊపిరాడదు.

యంత్రం, స్పీకరు మాత్రం బ్యాటరీల మీద నడుస్తున్నాయి. మనిషి ఒంట్లోంచి కూడా సన్నటి కిరణాలొస్తాయి. దగ్గర్లో ఎవరున్నా యంత్రం పట్టేస్తుంది. కంప్యూటర్లు దాన్ని చెత్త కింద లెక్కగట్టి అక్కడికక్కడే పారేస్తాయి. ఆ కంప్యూటర్లు చూసుకునే లోర్నా ఆ లెక్క తిరగేసింది. పారేసేదే చూపించమంది.

తెర మీద చుక్క వెలిగింది.

"బతికే ఉన్నాడు!" డూగల్ టోపీ ఎగరేశాడు.

లోర్నా మైకు లాక్కుంది. "ఒరేయ్ నెవిల్! నీ మాట నాకు వినపడదు. నేను చెప్పినట్టు నడు. ఎడమకి!"

చుక్క కదల్లేదు.

"ఎడమకిరా, గాడిదా!"

చుక్క ఎడమకి జరిగింది.

"నా తమ్ముడే! తిట్టందే కదలడు."

"మెల్లగా వస్తున్నాడేంటమ్మా?"

"చీకట్లో నువ్వైతే పరిగెడతావా?"

మలుపు దగ్గర చుక్క తిరగలేదు. నేరుగా వచ్చేసింది.

"అక్కడ గోడుండాలే," గొణిగాడు డూగల్.

"కూలి దారి పడుంటుందిలే. ఇంకొంచెంరా నాన్నా, అదే లిఫ్టు. ఎక్కి గంట కొట్టు."

గంట మోగింది. డూగల్ మీట లాగాడు. ఇనుప తాడు బిగుసుకుని చుట్టుకోసాగింది. లోర్నా ఏడుస్తూనే నవ్వింది. "పైకి రానీ, ముందు రెండు తగిలిస్తాను."

లిఫ్టు సగం దూరం వచ్చేసరికి, మూగబోయిన ఫోను మోగింది. కింద, యంత్రానికి దూరంగా ఉన్న టీ గది నుంచి.

"అక్కా, ఇందాకట్నుంచీ నా కాలు బండ కిందే ఉంది, నువ్వు నడిపించింది ఎవరిని?"