ముత్యం రంగు

“ఎవరూ బయటికి పోవద్దు. ముత్యం రంగు మైకా పొట్లం కనపడటం లేదు,” అంది సబ్బుల తయారీ నేర్పే వాణి.

గది నిండా శిక్షణకొచ్చిన ఆడవాళ్ళు. అందరూ ఒక్కసారి తలుపు పక్కన కూర్చున్న పెంచలమ్మ వైపు చూశారు. మైపాడు నుంచి ఆటోలో వచ్చే చేపల పెంచలమ్మను మొదటిరోజే “నీకు గాలి తగులుతుందిలే” అంటూ అక్కడ కూర్చోబెట్టింది వాణి. గాలి ఎవరికి కావాలో అందరికీ తెలుసు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం కాదు పెంచలమ్మ. కాలు మీద కాలేసుకుని కుర్చీలో అట్లాగే కూర్చుంది.

ఆ రోజే ఎంపిక. ఎవరి సబ్బు నెగ్గితే వాళ్ళకు నెల్లూరు ఎగ్జిబిషన్‌లో అంగడి. ఇరవై ఏళ్ళుగా ఎండలో గంప మోసి మోసి మెడలు పడిపోయిన పెంచలమ్మకు ఆ నీడపట్టు కావాలి. ఊరికే కాదు, ప్రాణం పెట్టి కావాలి.

పోయిన వారమే ఆమె పరువు పోయింది. వాణి చెప్పిందంతా శ్రద్ధగానే విన్నది. సబ్బుకు మెరుపు తెచ్చే మైకా పొడి ఒంటికి పనికొచ్చేదే ఎంచుకోవాలి. ముగ్గుల్లో చల్లే తళుకు ముట్టకూడదు. ముందు చుక్క గ్లిజరిన్‌లో కలుపుకుని, కరిగిన సబ్బు కాస్త చల్లారాక వెయ్యాలి. ఆ చల్లారేదాకా ఆగలేకపోయింది. ఆత్రం కొద్దీ వేడి మీదే వేసేసరికి రంగంతా అడుక్కు దిగిపోయింది.

“నీకెందుకమ్మా ఈ సున్నితం పనులు? ఇంక నీకు మైకా ఇచ్చేది లేదు,” అంది వాణి అందరి ముందూ.

“ఇయ్యబాకండి మేడం. మీ పొట్లాలు మీరే దాచుకోండి. సబ్బు మాత్రం నేను తెస్తా!” అని విసవిసా వెళ్ళిపోయింది పెంచలమ్మ.

తెచ్చింది కూడా! ఈ రోజు బల్ల మీద పాతిక సబ్బులుంటే కళ్ళన్నీ ఆమె సబ్బు మీదే. అప్పుడే తోమిన వెండి గిన్నెలా మెరుస్తోంది. శిక్షణ కేంద్రం నడిపే కరుణాకుమారి గారు వాసన చూసి, “అబ్బ, నిమ్మగడ్డి!” అని మురిసిపోయారు. దాంతో చేతులు కడుక్కుని వేళ్ళు తిప్పి తిప్పి చూసుకున్నారు.

అదిగో, అప్పుడే వాణికి పొట్లం గుర్తొచ్చింది.

“నీ సంచీ చూపించు,” అంది పెంచలమ్మతో.

“చూసుకోండి.” పెంచలమ్మ సంచీని బల్ల మీద బోర్లించింది. అన్నం క్యారేజీ, దువ్వెన పడ్డాయి. అంతే.

“సబ్బులో కలిపేశాక సంచీలో ఎందుకుంటుంది?” వాణి ఆ సబ్బు తడిపి చెంపలకు రుద్దుకుంది. ముక్కుకీ, గడ్డానికీ కూడా పట్టించింది. “ఇది నా మైకానే మేడం. వేల సబ్బులు చేసినదాన్ని, నాకు తెలీదా? ఖరీదైన సరుకు కాకపోతే ఇంత నునుపు వస్తుందా?”

పెంచలమ్మకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ బేరాల్లో తూకానికి చెయ్యి అడ్డం పెట్టి ఎరగదు. ఇప్పుడీమె వచ్చి దొంగను చేస్తుందా?

“ఏడ కొన్నావో చెప్పమ్మా, గొడవ తీరిపోతుంది,” అన్నారు కరుణాకుమారి గారు బుజ్జగిస్తూ.

“నేను కొనలా, దొంగిలించలా. ఈయమ్మ దొంగా అనిందే గానీ, ఇది ఏందని ఒక్కసారన్నా అడగలా. అడిగుంటే దాచేదాన్నా?”

“సరే, అడుగుతున్నా. చెప్పు, ఇదేం మైకా?” వాణి మెరిసే చెంపలతో మీదికొచ్చింది.

పెంచలమ్మ లేచి నిలబడి, గదంతా వినపడేలా చెప్పింది: “ఇది మైకా కాదు మేడం, సావళ్ళ చేప తోలు మీద గోకి తీసిన తళుకు.”