గుమ్మం మీద జెండా

యుద్ధం వచ్చాక ఆ వీధిలో ముగ్గులు పోయాయి. తెల్లారగానే డ్రోను పైన నిలబడి, గుమ్మం గుమ్మానికీ వెలుగుతో జెండా పరుస్తుంది. పైడితల్లి కొడుకు సింహాద్రి సరిహద్దులో పోయాడని నిన్న వాడి స్నేహితుడు ఫోన్ చేసి ఏడ్చాడు. ఈ పొద్దు ఆమె తన గుమ్మం మీద గోనె పరిచింది. జెండా గోనె మీదికెక్కింది. పేడనీళ్లు చల్లింది. జెండా నీళ్ల మీద వెలిగింది.

"ఏటి పిన్నీ ఈ పని?" వీధి కమిటీ పెద్ద గౌరునాయుడు పరిగెత్తుకొచ్చాడు. "ఒక్క గుమ్మం చీకటైతే వీధి మొత్తానికి కరెంటు పీకేస్తారు!"

"చావింట ముగ్గేస్తారేటి నాయనా? పదకొండు రోజులు నా గుమ్మాన్ని వదిలేయండి."

"మీవోడు పోయాడని సర్కారు చెప్పిందా? చెప్పేదాకా బతికున్నట్టే!"

శవాల మాటెత్తని సర్కారుకి గుమ్మాల మీద మాత్రం వెయ్యి కళ్లు. పైడితల్లి గుమ్మం ముందు వెల్లకిలా పడుకుంది. జెండా ఆమెను తల నుంచి పాదాల దాకా కప్పేసింది.

డ్రోను కిందికి దిగి, చాలాసేపు చూసింది. జెండా కింద మనిషి కదలకపోతే ఏం చెయ్యాలో దానికి నేర్పారు. సైనికుల అంత్యక్రియల్లో ఊదే బాకా ఊదింది. వీధిలో జెండాలన్నీ ఒక్కసారిగా మసకబారాయి. గౌరునాయుడు చెప్పులు విప్పేశాడు.

"చెప్పింది కదా నాయనా, నీ సర్కారు," అంది పైడితల్లి, కళ్లు తెరవకుండానే.