కిన్నెర బుర్రలో చప్పుడు

పర్వతాలు తన చేత్తో చేసి తెచ్చిన కిన్నెరను ఆర్థర్‌గారు ఊపి చూశారు. సొరబుర్రలో ఏదో గలగలమంది. వాద్యాలు సేకరించే ఈ పెద్దమనిషి బోయిగూడ చర్చిలో ప్రార్థన చేస్తూ కూడా ఒక కన్ను గుమ్మంలోని తన చెప్పుల మీదే ఉంచుతారు.

“నిజం చెప్పు పర్వతాలూ, లోపల తాయెత్తేమైనా పెట్టావా?”

“బుర్ర పగిలిన్నాడే తెల్వాలె సార్. అంతకుముందు చెప్పొద్దు, మా ఆనవాయితీ.”

తాయెత్తున్న వస్తువు తన ఇంట్లో ఉండకూడదని, ఆర్థర్‌గారు బుర్రను గడపకేసి కొట్టారు. సొరగింజలు రాలాయి.

పర్వతాలు వాటిని ఏరి ఆయన చేతిలో పోశాడు. “మా తాత కిన్నెర పగిలితే, అండ్ల గింజలకు కాసిందే ఈ బుర్ర. ఇగ మీరు నాటుండ్రి. కాయ ముదిరినంక నేనొస్త.”

ఇప్పుడు సొరపాదు గోడెక్కింది. ఆర్థర్‌గారి అనుమానమంతా పక్కింటి మేక మీదే.