గోడకి ముక్కు

బండ్లకి రంగు కొట్టే బూత్ పెట్టాలంటే గోడకి సర్కారువారి ముక్కు బిగించుకోవాల్సిందే. అది గాలి వాసన చూసి పచ్చ దీపం వెలిగిస్తేనే లైసెన్సు. సైదులు ఫ్యాన్లు, ఫిల్టర్లు అన్నీ పెట్టించాడు. అలవాటు కొద్దీ తొలి రంగు తుంపర అరచేతి మీద కొట్టి చూసుకున్నాడు. దీపం పచ్చగానే ఉంది. హమ్మయ్య అని ఊపిరి వదిలాడు. దీపం ఎర్రబడింది.

"రంగుతో ఇబ్బంది లేదు. యజమాని ఊపిరే హద్దు దాటింది, బయటికి నడవండి," అంది ముక్కు.

"నా ఊపిరిలో ఉన్నది ఇన్నేళ్లూ మీ సర్కారు జీపులకి కొట్టిన రంగేనే, ముదనష్టపుదానా!"

బయటికొచ్చాడు. దీపం పచ్చబడింది.

"యజమాని లోపల అడుగుపెట్టకూడదన్న షరతు మీద లైసెన్సు ఇస్తున్నాం."

"వచ్చిందయ్యో లైసెన్సు! ఇంకా ఆ మొహం ఏంటి?" అంది పెళ్లాం నాగేంద్రం.

"నాక్కాదే, ఆ గదికొచ్చింది."

సైదులు తలుపు తోసి, గడప ఇవతలే నిలబడి, లోపలికి కాండ్రించి ఉమ్మాడు. దీపం మళ్లీ ఎర్రబడింది.