ఆగకూడని జీపు

“బండి నిలబెట్టి ఉన్నా సరే, ఇంజను తిరుగుతున్నంతసేపూ బ్యాటరీ ఎక్కుతూ ఉండాలి. నాకు కావలసింది అంతే,” అంది టీచరమ్మ.

మేస్త్రీ జీపు కిందనుంచి వీపు మీద పాక్కుంటూ బయటికొచ్చాడు. లేచి కూర్చోవడానికి బంపరు పట్టుకోవలసి వచ్చింది. నలభై ఏళ్లుగా ఈ షెడ్డులో డైనమోలకు తీగ చుట్టీ చుట్టీ అతని పేరే డైనమో మేస్త్రీ అయిపోయింది. ఇప్పుడు డైనమో ఉన్న బండి నెలకొకటి వస్తే గొప్ప.

“డైనమోతో అది కుదరదమ్మా. బండి పరిగెడితేనే అది కరెంటు పుట్టిస్తుంది. నిలబడిందా, నాలాగే కునుకు తీస్తుంది. మీరడిగినట్టు కావాలంటే దాన్ని పీకేసి ఆల్టర్నేటర్ పెట్టాలి.”

“పెట్టేయండి.”

“తొందరపడకండి. ఈ జీపుకి నా వయసుంది. పాతబండ్ల పిచ్చోళ్లు ముందు చూసేది అసలు సామాను ఉందా లేదా అనే. పీకేస్తే విలువ సగం పోయినట్టే.”

“అమ్మడానికి కాదులెండి.”

ఆమె స్టూలు మీద కూలబడింది. గుప్పిట్లో ఫోను. ఊరికే దాన్ని చూసుకుంటోంది. నిద్ర లేని కళ్లు.

“సారు రాలేదేం? బండి ఇక్కడికొస్తే పక్కనే నిలబడి నా ప్రాణం తీసేవారుగా!”

“ఇంట్లో ఉన్నారు.”

ఆమె భర్త సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. ఈ జీపు ఎక్కని కొండ లేదని గొప్పగా చెప్పుకునేవాడు.

“అయితే ఈసారి ఎంత దూరం?”

“దూరం లెక్క నాకొద్దు. గంటల్లో చెప్పండి. ట్యాంకు నిండా పోస్తే ఎన్ని గంటలు నడుస్తుంది?”

“అది దారిని బట్టి ఉంటుంది.”

“మధ్యలో మాత్రం ఆగకూడదు మేస్త్రీ. పోయిన నెల బ్యాటరీ దిగిపోయి ఆగింది. పది నిమిషాలు. ఆ పది నిమిషాలు పగవాళ్లకి కూడా వద్దు.”

“కొండ మీదా?”

“ఎందుకు, ఏమిటి అని మీరు కూడా అడక్కండి. చుట్టాలకి చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది.”

మేస్త్రీకి విషయం అర్థమైపోయింది. ఈ వయసులో కొండలెక్కడమేమిటని చుట్టాలు చీవాట్లు పెట్టి ఉంటారు. పెట్టరూ మరి? తన భార్య మోకాళ్ల నొప్పులతో నాలుగు మెట్లు దిగలేకపోతోంది. వీళ్లకేమో షికార్లు. పెట్టి పుట్టారు అనుకున్నాడు. ఆ అనుకోవడంలో కాస్త కుళ్లు కూడా ఉంది.

డైనమోను విప్పి, రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టాడు. ఆల్టర్నేటర్ దాని చోట సరిగ్గా కూర్చోలేదు. ఇనపముక్క కోసి, ఆకురాయి పట్టి, కొత్త పట్టీ చేశాడు. పుల్లీలన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో దారం లాగి చూశాడు. మధ్యాహ్నమయ్యేసరికి నడుము విరిగినంత పనైంది.

చివర్లో బెల్టు దగ్గర చిక్కొచ్చింది. పాతది పొడుగైపోయింది. సరిపడే కొత్తది రేపుగానీ రాదన్నాడు దుకాణంవాడు.

“రేపు పదింటికి నాకు బండి ఉండి తీరాలి,” అంది టీచరమ్మ.

మేస్త్రీ అటక మీద వెతికితే, ఎప్పుడో ఏదో బండికి విప్పిన బెల్టొకటి దొరికింది. వంచి చూస్తే సన్నటి పగుళ్లు. ‘షికారుకి చాల్లే’ అనుకుని బిగించేశాడు. ఆమెకు చెప్పలేదు.

“ఈ చేతి యాక్సిలరేటర్ కూడా చూడండి. లాగితే లాగినచోటే నిలబడాలి.”

అదీ చేశాడు. ఇంజను వేసి వదిలేస్తే, బండి కదలకుండానే మీటరు ముల్లు ఛార్జి వైపు వాలింది. పరీక్ష ఫలితం చూసుకునే పిల్లలా ఆమె ఆ ముల్లునే చాలాసేపు చూసింది. తర్వాత ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఇంటికి తోలుకుపోయింది.

సాయంత్రం భోజనం దగ్గర భార్య అడిగింది. “ఏంటి, కంచంలో చెయ్యి పెట్టి కూర్చున్నారు?”

చెప్పాడు.

“పగిలిన బెల్టా? చెప్పకుండానా? దారిలో తెగితే ఆ ముసలిజంట ఏం కావాలి? అలిసిపోతే పని మానేయండి, అంతేగానీ ఇదేం పద్ధతి?”

అతను అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు పదకొండింటికి కొత్త బెల్టు రాగానే సైకిలెక్కాడు. ఈపాటికి వెళ్లిపోయి ఉంటారేమోనని గట్టిగా తొక్కాడు. టీచరమ్మ వీధిలో కరెంటువాళ్లు స్తంభాలకు నిచ్చెనలు వేసి తీగలు మారుస్తున్నారు. వాళ్లను దాటాక ఇంజను చప్పుడు వినిపించింది. హమ్మయ్య అనుకున్నాడు.

జీపు ముందు భాగం ఇంటి గోడకు ఆనించి ఉంది. పొగగొట్టం వీధి వైపు. టీచరమ్మ జీపు మెట్టు మీద కూర్చుని మీటరునే చూస్తోంది.

“ఇంకా బయల్దేరలేదా, మంచిదైంది! బండి ఆపండి, బెల్టు మార్చాలి. పది నిమిషాల పని.”

“ఆపడానికి లేదు.”

“తప్పు నాదేనమ్మా. నిన్న వేసింది పాతది, పగుళ్లున్నాయి. చెప్పకుండా వేశాను. కొండ మధ్యలో తెగిందంటే...”

ఆమె చూపు బానెట్ వైపు పోయింది. “సాయంత్రం దాకా ఉండదా? అయిదింటికి కరెంటిస్తామన్నారు. అప్పుడు మారుద్దురుగాని.”

“కరెంటుకీ మీ షికారుకీ ఏంటమ్మా సంబంధం?”

అడిగాకే అతని కళ్లకు ఆనింది. బానెట్ సందులోంచి రెండు లావుపాటి తీగలు కిటికీలోకి పోయాయి.

టీచరమ్మ లేచి, కిటికీ పరదా పక్కకు జరిపింది. లోపల మంచం మీద సారు, ముక్కుకి గొట్టం, పక్కనే ఆడుతున్న ఊపిరి మిషను.

“ఈ బండి మీదే ఆయనకి ఊపిరాడుతోంది, మేస్త్రీ.”