తోకచుక్క పాటల వదిన

“ఇదీ వదినకే!”

రేడియో స్టేషన్లో ఉత్తరాల బల్ల ముందు కూర్చున్న పిచ్చుక ఆ కవరును విసురుగా పక్కన పడేసింది. పొద్దుటి నుంచి ఇది ఆరోది. అన్నింటి మీదా ఒకే మాట, ‘తోకచుక్క పాటల వదినగారికి’. తన పేర ఇంతవరకు వచ్చింది ఒక్కటే ఉత్తరం. అదీ సొంత మేనమామ రాసింది.

పిచ్చుక అన్నది స్టేషన్లో వాళ్లు పెట్టిన ముద్దుపేరు. ఆరేళ్లుగా ఆమె చేత వచ్చిన ఉత్తరాలు విడదీయించి, వాతావరణ వార్తలూ, తప్పిపోయినవారి ప్రకటనలూ చదివిస్తున్నారు. స్టేషనంతా వదిన అని పిలిచే మరో అనౌన్సరుది అలాంటి బతుకు కాదు. ఆవిడ నవ్వితే చాలు, డైరెక్టరు దగ్గర్నుంచి గేటు కాపలావాడి దాకా అందరూ నవ్వుతారు.

ఆ నెల ఆకాశంలో తోకచుక్క కనబడుతోంది. దాని మీద వచ్చిన పాటలు ఏరి, వారానికి రెండు సాయంత్రాలు వినిపించమన్నాడు డైరెక్టరు. వదినకో రోజు, పిచ్చుకకో రోజు. నెలాఖరుకి ఉత్తరాలు ఎవరికి ఎక్కువ వస్తే సాయంత్రం పాటలు ఇక ఎప్పటికీ వాళ్లవే.

పిచ్చుక డిస్కుల గదిలో దుమ్ము మింగుతూ వెతికింది. సినిమా పాటల నిండా తోకచుక్క అంటే చెయ్యి విడిపించుకుని పోయిన పిల్లే. పడవవాళ్ల పాటలో అది చెడ్డ కబురు. ఎక్కడో ఒక్క జోలపాటలో మాత్రం, మునిమనవరాలిని చూడటానికి మళ్లీ వచ్చే చుట్టం. ప్రతి పాటకూ ముందు చెప్పాల్సిన నాలుగు ముక్కలు రాసుకుని, కొట్టేసి, మళ్లీ రాసుకునేది. వదిన మటుకు చేతికందిన డిస్కులు పట్టుకెళ్లి, కబుర్లు చెప్పి వచ్చేసేది.

అయినా కార్యక్రమం పేరు ‘వదిన పాటలపెట్టె’! పిచ్చుక రోజున కూడా అదే పేరు. మైకు ముందు సొంత పేరు చెప్పుకోకూడదన్న నియమం ఒకటి, కాకపోతే తన పేరే కార్యక్రమానికి పెట్టించుకున్న వదినకు ఆ నియమంతో పనేముంది? అది తలుచుకున్నప్పుడల్లా పిచ్చుకకు కడుపు రగిలిపోయేది.

ఆ ఆరు కవర్లనూ చూస్తూ కాసేపు కూర్చుంది. విప్పి చదివే ఓపిక లేదు, పొగడ్తలు కళ్లబడితే ఇంకా మంట. అడ్డంగా చించి చెత్తబుట్టలో అడుగున కుక్కింది. అప్పుడే వదిన లోపలికి వచ్చింది.

“ఏమ్మా, నాకేమైనా వచ్చాయా?”

“లేదు వదినా.”

“నీకో?”

“ఒకటి. మా మావయ్య రాశాడు.”

“పోన్లే, మావయ్యైనా వింటున్నాడు!” అని వదిన నవ్వింది. ఆ నవ్వుకే పిచ్చుకకు ఇంకాస్త ఒళ్లు మండింది.

అలా చించడం తర్వాత అలవాటైపోయింది. నెలాఖరుకి చించినవి నలభై ఒకటి అయ్యాయి.

డైరెక్టరు ఇద్దరినీ పిలిచాడు.

“నెలంతా కలిపి ఒక్క ఉత్తరం! అదీ మేనమామది. ఎవరూ వినని కార్యక్రమం మనకెందుకన్నారు పైవాళ్లు. ఆ సమయం వ్యాపార ప్రకటనలకి ఇచ్చేశారు. సంతకాలు కూడా అయిపోయాయి.”

ఆరేళ్లకు అందబోయిన సాయంత్రం పాటలు పిచ్చుకకు పోయాయి. కానీ పక్కన వదిన మొహం వాడిపోవడం చూసి లోపల ఎక్కడో చల్లబడింది కూడా. తనకు దక్కకపోతే పోయింది, ఈవిడకూ దక్కలేదు.

“ఎవరూ వినలేదంటారేంటండీ?” అంటూ వదిన సంచిలోంచి ఓ కవరు తీసింది. “పొద్దున బస్సులో ఒకమ్మాయి ‘రేడియో స్టేషన్ దగ్గర దిగుతారా, ఇది వదినగారికి ఇవ్వండి’ అని నా చేతిలో పెట్టింది. నేనే అని చెప్పడానికి సిగ్గేసింది. ఇంకా విప్పలేదు.”

“చదవండి మరి,” అన్నాడు డైరెక్టరు.

వదిన గొంతు సవరించుకుంది.

“‘వదినగారికి, మేం బట్టల ఫ్యాక్టరీలో మిషన్ మీద కుట్టేవాళ్లం. ముప్పై ఎనిమిది మందిమి. ఈ నెలలో తలా ఒక ఉత్తరం రాశాం. ఒక్కటీ మీకు చేరలేదేమోనని ఇది చేతికిచ్చి పంపుతున్నాం. మంగళవారం మాట్లాడే ఆవిడ ఎవరోగానీ, ఆ రోజు మేం రేడియో కట్టేస్తాం. గురువారం మాత్రం మీ కోసం మిషన్లన్నీ ఆపేస్తాం. సాయంత్రం పాటలు మీకే ఇవ్వాలని...’”

వదిన అక్కడ ఆగిపోయింది. కాగితం మడిచి పిచ్చుక చేతిలో పెట్టింది.

గురువారం పిచ్చుకది.