ముందు బెంచీ

...అయినా ఆ చీరే కట్టాలా? లూర్దు పెళ్లినాటి తెల్ల పట్టుచీర. జోజి కొన్నది. ఇన్నేళ్లయినా మాసిపోలేదు. తలలో మల్లెలు కూడా. గుడినిండా జనం. అందరి చూపులూ లూర్దు మీదే. జోజి చూపు కూడా.

పద్మలత కొంగు వేలికి చుట్టుకుంది. జోజితో తన పెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. ఆ రోజు అతను తనను ఇంతసేపు చూసిన గుర్తు లేదు.

"జర ఎనకకు జరుగు బిడ్డా. ముందు బెంచీ ఇంటోళ్లది," అంది లూర్దు మేనత్త సమ్మమ్మ.

"నేను ఆయన భార్యను పెద్దమ్మా. లూర్దుతోని పెళ్లి చెల్లదని కోర్టే చెప్పింది గద."

"కోర్టు చెప్తే అయితదా? ఫాదర్ చెప్పిండా? నీకు సత్ప్రసాదమన్నా ఇస్తాండా?"

పద్మలత వెనక్కి వెళ్లింది. అందరూ ఫాదర్ చేతి సత్ప్రసాదపు అప్పం తీసుకోవడానికి లేచినప్పుడు తనొక్కతే కూర్చుండిపోయింది. ప్రతి ఆదివారంలాగే.

గుండెజబ్బు దాచి లూర్దును తనకు కట్టబెట్టారని, తన తల్లి పోరు పడలేక కోర్టులో చెప్పింది జోజే. జడ్జి ఆ పెళ్లి కొట్టేశాడు. కానీ గుడి పెళ్లిళ్ల మీద తీర్పు చెప్పే బిషప్ గారి ట్రిబ్యునల్‌లో, బైబిలు మీద చెయ్యి పెట్టాక అబద్ధం ఆడలేకపోయాడు.

"జబ్బు సంగతి నాకు ముందే ఎరుక ఫాదర్. తెలిసే చేసుకున్న."

మోసం లేదన్నారు. గుడి లెక్కలో ఆ పెళ్లి నిలబడింది.

తెలిసే చేసుకున్నాడు. ఆ మాటే పద్మలతను ఇన్నాళ్లూ కొరుకుతోంది. మరి తనను ఏం తెలిసి చేసుకున్నాడు?

అప్పట్లో ఫాదర్‌ను బతిమాలింది.

"కోర్టు తీర్పు చూసి గుడిలో మీ పెళ్లి చెయ్యలేనమ్మా. ఆ పెళ్లి చెల్లదని ట్రిబ్యునలే అనాలి. లేకపోతే లూర్దు..."

"లేకపోతే ఏంది ఫాదర్?"

ఆయన జపమాల సర్దుకున్నాడు.

పూజ ముగిసింది. సాంబ్రాణి పొగ వెంట అందరూ బయటికి నడిచారు. జోజి లూర్దు పక్కనే నడిచాడు. ఒక్కసారైనా పద్మలత వైపు తిరగలేదు.

ఫాదర్ తీర్థం చల్లి ప్రార్థన చదివాడు.

"ముందు మొగడు రావాలె," అంది సమ్మమ్మ, పద్మలతకు వినబడేలా.

జోజి వెళ్లాడు. తడబడలేదు. పిలిచింది తననే అన్నట్టు వెళ్లాడు.

"నువ్వు కూడా రామ్మా," అన్నాడు ఫాదర్ మెల్లగా. ఆనాడు ఆయన సగంలో మింగేసిన మాట ఇప్పుడు ఆమెకు పూర్తిగా వినిపించింది.

పద్మలత వంగి, గుప్పెడు మట్టి తీసుకుని, గుంతలోకి దించిన లూర్దు శవపేటిక మీద వేసింది.